ముందు కుర్చీ ఎంచుకోండి, తర్వాతే కోర్సు

మీ వయసు 32. లేదా 38. లేదా 45. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. లేదా డిగ్రీ చేతికొచ్చాక చదువు అటకెక్కింది. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు చూసుకుంటున్నారు. కైకలూరులో రొయ్యల చెరువుల లెక్కలు రాస్తున్నారు. పటమటలో పిల్లల్ని స్కూలుకి పంపాక మీకంటూ ఓ మూడు గంటలు దొరుకుతున్నాయి. లేదా గల్ఫ్‌లో కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చారు.

మనసులో ఒక ఆలోచన తిరుగుతోంది. ఇంటర్నేషనల్ బిజినెస్ చదవాలి. మంచి ఆలోచన. చదవండి. మీరు చదవగలరు.

కాకపోతే ఒక్క విషయం ఇప్పుడే తేల్చుకుందాం. చాలామంది కోర్సు పేరుతో మొదలుపెడతారు. బెంజ్ సర్కిల్ దగ్గర హోర్డింగ్ చూస్తారు, ఫోన్ చేస్తారు, ఫీజు కడతారు. మీరు అలా చేయకండి. మీరు కుర్చీతో మొదలుపెట్టండి. చదువు అయ్యాక ఏ కుర్చీలో కూర్చుంటారు? ఆ టేబుల్ మీదికి ఏ కాగితం వస్తుంది? ఆ కాగితాన్ని ధైర్యంగా చదివి సంతకం పెట్టడం నేర్పే కోర్సే మీ కోర్సు. మిగతావన్నీ బ్రోచర్లే.

ఈ సబ్జెక్టు మీకు కొత్త కాదు

కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకి విదేశీ వ్యాపారం పరాయి విషయం కాదు. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్లు మచిలీపట్నంలో దిగారు. 1611లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఓడ వచ్చింది. వాళ్లంతా మన అద్దకం బట్టల కోసం వచ్చినవాళ్లే. ఆ కలంకారీ అచ్చులు పెడనలో ఇవాళ్టికీ పడుతున్నాయి. మచిలీపట్నంలో కొత్త పోర్టు పనులకు 2023 మేలో శంకుస్థాపన జరిగింది.

ఇప్పుడు మీ చుట్టూ చూడండి. చెరువుల్లో వనామి రొయ్య. గుంటూరు యార్డులో తేజ మిర్చి. నున్న మార్కెట్లో మామిడి. కాకినాడ రేవు నుంచి ఆఫ్రికా వెళ్లే బియ్యం. మీరు రోజూ చూసే సరుకే సముద్రం దాటుతోంది.

అంటే వ్యాపారం మీకు తెలుసు. సరుకు తెలుసు. మనుషులు తెలుసు. తెలియనిది ఒక్కటే: ఆ సరుకు రేవు దాటాక నడిచే లెక్క.

ఒక ఉదాహరణ చూద్దాం. చెరువు గట్టు మీద రొయ్యని కౌంట్‌తో కొంటారు. కిలోకి 70 తూగితే 70 కౌంట్. అమెరికా బయ్యర్ అడిగేది వేరు. తల తీసిన రొయ్య, పౌండుకి ఎన్ని? తల తీస్తే బరువు సుమారు మూడో వంతు తగ్గుతుంది. ఆ 70 రొయ్యలూ 650, 670 గ్రాముల దగ్గర ఆగుతాయి. పౌండు అంటే 454 గ్రాములు. లెక్క వేయండి. పౌండుకి 48 దాకా వస్తాయి. అంటే బయ్యర్ భాషలో అది 41/50 సైజు.

గట్టు మీద 70 కౌంట్ అని చూడగానే చెప్పగలిగిన మనిషికి ఈ రెండో లెక్క నేర్చుకోవడం ఒక సాయంత్రం పని. గట్టే చూడని ఎంబీఏ కుర్రాడికి మొదటి లెక్క పట్టుబడాలంటే సీజన్లు గడవాలి. మీ అనుభవం విలువ అదీ. దాన్ని తక్కువ చేసుకోవడం ఈ రోజుతో ఆపేయండి.

మిర్చిదీ ఇదే కథ. యార్డులో టిక్కీ కోసి, గుప్పెడు కాయలు తీసి, రంగు చూస్తారు, తాలు ఎంతుందో చూస్తారు. విదేశీ బయ్యర్ అదే కాయకి ఆస్టా కలర్ వాల్యూ అడుగుతాడు, కారం ఎంతో అంకెల్లో అడుగుతాడు, అఫ్లాటాక్సిన్ ఎంతుందో ల్యాబ్ రిపోర్ట్ అడుగుతాడు. మీ కంటికి తెలిసిన నాణ్యతని కాగితం మీదికి ఎక్కించడం నేర్చుకోవాలి. అంతే.

మరి డిగ్రీ ఎందుకు?

ఎందుకంటే దూరంగా తీసుకున్న నిర్ణయం దగ్గరి బతుకుల్ని కుదిపేస్తుంది. 2023 జులైలో కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. 2024 సెప్టెంబరులో ఎత్తేసింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆ దెబ్బ రొయ్య రైతు దాకా వచ్చింది.

ఇలాంటి రోజున ఆఫీసులో అందరూ ఒకరి వైపు చూస్తారు. నోటిఫికేషన్ చదివి, "ఇప్పటికే ఓడెక్కిన కంటైనర్ సంగతేంటి? ఏ మార్కెట్‌కి మళ్లించాలి?" అని చెప్పగలిగిన మనిషి వైపు. ఆ మనిషి మీరు కావాలి. చదువు మిమ్మల్ని ఆ స్థాయికి తీసుకెళ్లాలి. తీసుకెళ్లని చదువుకి డబ్బు కట్టకండి.

అడుగు 1: మీకు తెలిసినవన్నీ రాయండి

ఒక తెల్లకాగితం తీసుకోండి. మూడు హెడ్డింగులు పెట్టండి.

- నాకు తెలిసిన సరుకు: రొయ్య, మిర్చి, చీరలు, ఆటో విడిభాగాలు, కొండపల్లి బొమ్మలు, ఏదైనా సరే.
- నాకు తెలిసిన పని: అకౌంట్స్, జీఎస్టీ, కొనుగోలు, స్టాక్, డ్రైవర్లతో బేరం, కస్టమర్‌తో మాట.
- నాకు తెలిసిన మనుషులు: ప్లాంట్ మేనేజర్, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, బ్యాంకు ఉద్యోగి, విదేశంలో స్థిరపడ్డ బంధువు.

ఇరవై లైన్లు నిండేదాకా లేవకండి. "నాకేం తెలుసు" అనుకునే గృహిణులు మరీ ముఖ్యంగా రాయాలి. నెల బడ్జెట్, చీటీ లెక్క, పండగ ఆర్డర్లకి పచ్చళ్లు పెట్టి పంపడం ఇవన్నీ నైపుణ్యాలే. ఈ కాగితమే రేపు మీ రెజ్యూమెకి పునాది.

అడుగు 2: కుర్చీ ఎంచుకోండి

ఇంటర్నేషనల్ బిజినెస్‌లో మన ప్రాంతంలో కనిపించే కుర్చీలు ఇవి:

1. డాక్యుమెంటేషన్. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, షిప్పింగ్ బిల్, బిల్ ఆఫ్ లేడింగ్. తప్పు లేకుండా రాయడం ఇష్టమైనవాళ్లకి.
2. ఎక్స్‌పోర్ట్ సేల్స్. బయ్యర్‌తో మెయిల్, కాల్, ధర, ఫాలో అప్. మాట్లాడటం ఇష్టమైనవాళ్లకి.
3. ట్రేడ్ ఫైనాన్స్. ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్), ఫారెక్స్, ఎక్స్‌పోర్ట్ క్రెడిట్. బ్యాంకులో, అకౌంట్స్‌లో ఉన్నవాళ్లకి.
4. క్వాలిటీ, కంప్లయన్స్. ల్యాబ్ రిపోర్టులు, ఆడిట్లు, దిగుమతి దేశాల నిబంధనలు. సైన్స్ చదివినవాళ్లకి.
5. లాజిస్టిక్స్. కంటైనర్, కస్టమ్స్ బ్రోకర్, విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం రేవులతో పని. పరుగులు పెట్టగలిగినవాళ్లకి.
6. సొంత ఎగుమతి. డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో 500 రూపాయల ఫీజుతో, ఎగుమతికి కావాల్సిన ఐఈసీ నంబర్ వస్తుంది. సరుకు, బయ్యర్ చేతిలో ఉన్నవాళ్లకి.

ఒక్కటే టిక్ పెట్టండి. రెండు పెట్టారంటే ఇంకా తేల్చుకోలేదన్నమాట. ఆ రెండు కుర్చీల్లోనూ పనిచేస్తున్న ఒక్కొక్కరితో పదిహేను నిమిషాలు మాట్లాడండి. "రోజంతా ఏం చేస్తారు?" అని అడగండి. జవాబు వింటూ ఉంటే మీకు ఉత్సాహం వచ్చిందా, నీరసం వచ్చిందా? అదే మీ తీర్పు.

అడుగు 3: మీరున్న మెట్టు నుంచే ఎక్కండి

*టెన్త్ దగ్గర ఆగారా?* ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీలో ఇంటర్ పూర్తిచేయండి. ఎన్‌ఐఓఎస్ కూడా ఉంది. సిగ్గుపడాల్సిన పని లేదు. అది మొదటి మెట్టు. ఎక్కేయండి.

*ఇంటర్ అయిందా?* దూరవిద్యలో గానీ, ఆన్‌లైన్‌లో గానీ బీకాం లేదా బీబీఏ తీసుకోండి. పని చేస్తూ చదవొచ్చు. కాకినాడలో 2022లో ఐఐఎఫ్‌టీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్) క్యాంపస్ మొదలైంది. అక్కడ ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ప్రోగ్రాం ఉంది, చివరికి ఇంటర్నేషనల్ బిజినెస్ ఎంబీఏ వస్తుంది. కానీ అది ఫుల్ టైమ్. ఇంటి ఆదాయం మీ మీదే నడుస్తుంటే అది మీకు సరిపోదు. మీ ఇంట్లో ఇంటర్ చదువుతున్న పిల్లలుంటే వాళ్లకి చెప్పండి.

*డిగ్రీ ఉందా?* మీకు దారులు ఎక్కువ.

- ఇగ్నోలో ఇంటర్నేషనల్ బిజినెస్ ఆపరేషన్స్ పీజీ డిప్లొమా ఉంది. ఏ డిగ్రీ అయినా చాలు. ఇగ్నో రీజినల్ సెంటర్ విజయవాడలోనే ఉంది. డాక్యుమెంటేషన్, లాజిస్టిక్స్ కుర్చీ కోరుకునేవాళ్లు ముందు దీన్నే చూడండి.
- రెండేళ్లు కాలేజీకి వెళ్లగలిగితే ఐసెట్ రాయండి. డిగ్రీలో 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 45 శాతం మార్కులు కావాలి. దగ్గర్లో ఎంబీఏ చేయండి.
- ఇంకా పెద్దగా గురిపెడితే క్యాట్. ఐఐఎఫ్‌టీ ఎంబీఏకి ఇప్పుడు క్యాట్ స్కోరే దారి. క్యాట్‌కి వయోపరిమితి లేదు.
- ఉద్యోగం వదలలేకపోతే గుర్తింపు ఉన్న యూనివర్సిటీ ఆన్‌లైన్ ఎంబీఏ.

ఒక సూత్రం గుర్తుంచుకోండి. ప్రమోషన్‌కో, ప్రభుత్వ ఉద్యోగానికో డిగ్రీ కాగితం తప్పనిసరైతే డిగ్రీ చేయండి. చేస్తున్న పనిలోనే పైకి వెళ్లాలంటే ఏడాది డిప్లొమా సరిపోవచ్చు. అవసరాన్ని మించిన చదువుకి రెండేళ్ల సాయంత్రాలు పోయకండి.

అడుగు 4: గుర్తింపు మీ కళ్లతో మీరే చూడండి

కౌన్సెలర్ "అప్రూవ్డ్ అండీ" అంటాడు. నమ్మకండి. మీరే వెతకండి.

- దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులకి యూజీసీ దూరవిద్యా విభాగం (డెబ్) వెబ్‌సైట్ చూడండి. యూనివర్సిటీ పేరు ఒక్కటే కాదు, మీ కోర్సు పేరు, మీరు చేరే విద్యా సంవత్సరం కూడా ఆ జాబితాలో ఉండాలి.
- 2024-25 నుంచి ఈ కోర్సుల్లో చేరాలంటే డెబ్ ఐడీ తప్పనిసరి. అది మీరే తీసుకోండి. మీ పేరుతో ఇంకొకరిని తీయనివ్వకండి.
- దూరవిద్యని ఫ్రాంచైజీకి ఇవ్వడాన్ని యూజీసీ నిబంధనలు ఒప్పుకోవు. కమర్షియల్ కాంప్లెక్స్ రెండో అంతస్తులో "మా సెంటరే యూనివర్సిటీ" అనేవాళ్లకి నమస్కారం పెట్టి దిగి వచ్చేయండి.
- "పది నెలల్లో ఫారిన్ ఎంబీఏ" అనే ప్రకటన కనిపిస్తే ఒకే ప్రశ్న అడగండి: "ఇది మన దేశంలో డిగ్రీగా చెల్లుతుందని రాసిస్తారా?"

ఒక భరోసా కూడా ఉంది. గుర్తింపు ఉన్న సంస్థ దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఇచ్చిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో యూజీసీ స్పష్టంగా ప్రకటించింది. కాబట్టి "డిస్టెన్స్ కదా" అని ఎవరైనా మూతి విరిస్తే మీరు తల దించక్కర్లేదు.

అడుగు 5: సిలబస్‌కి మీరే పరీక్ష పెట్టండి

ప్రతి కోర్సూ మిమ్మల్ని పరీక్షిస్తుంది. చేరే ముందు మీరే దాన్ని పరీక్షించండి. సిలబస్ పీడీఎఫ్ ప్రింట్ తీయండి. ఎర్ర పెన్ను పట్టుకోండి. ఈ ఐదు ఉన్నాయా?

1. హెచ్‌ఎస్ కోడ్లు. ఫ్రోజెన్ రొయ్య 0306 17. ఎండుమిర్చి 0904 21. మామిడి 0804 50. సుంకం అంతా ఈ అంకెల మీదే నడుస్తుంది.
2. ఇన్‌కోటర్మ్స్ 2020. మొత్తం 11. ఎఫ్‌ఓబీ అంటే విశాఖలో సరుకు ఓడెక్కేదాకా ఖర్చు మీది. సీఐఎఫ్ అంటే అవతలి రేవు దాకా కిరాయి, ఇన్సూరెన్స్ కూడా మీరే కడతారు. ఈ తేడా తెలియకుండా ధర చెబితే లాభం సముద్రంలో కలుస్తుంది.
3. పేమెంట్ పద్ధతులు. అడ్వాన్స్, ఎల్‌సీ, డాక్యుమెంట్ల మీద చెల్లింపు. డబ్బు ఎప్పుడు, ఎవరి పూచీ మీద వస్తుంది?
4. ఫారెక్స్. ఆర్డర్ రోజు డాలర్ రేటు వేరు, డబ్బు పడిన రోజు రేటు వేరు.
5. మన దేశ విదేశీ వాణిజ్య విధానం, కస్టమ్స్ పద్ధతులు.

ఐదింటిలో నాలుగు ఉంటే ముందుకెళ్లండి. రెండే ఉంటే అది ఇంటర్నేషనల్ పేరు తగిలించుకున్న మామూలు మేనేజ్‌మెంట్ కోర్సు. పక్కన పెట్టేయండి.

అడుగు 6: గంటలు లెక్కవేయండి

ఉత్సాహం మొదటి నెల నడిపిస్తుంది. తర్వాత నడిపించేది టైమ్‌టేబుల్.

ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపర్ అంటే 120 గంటలు. మీరు సోమవారం నుంచి శనివారం దాకా రోజుకి గంటన్నర, ఆదివారం మూడు గంటలు కూర్చోగలిగితే వారానికి 12 గంటలు. ఒక పేపర్ పది వారాల్లో అయిపోతుంది. ఇప్పుడు కోర్సులో ఎన్ని పేపర్లున్నాయో చూసి గుణించండి. మీ ముగింపు తేదీ మీకే కనిపిస్తుంది.

మీ సీజన్ కూడా చూసుకోండి. రొయ్యల పట్టుబడి ముమ్మరంగా ఉన్నప్పుడు, మిర్చి యార్డు పోటెత్తినప్పుడు, మార్చిలో అకౌంట్స్ ముగించేటప్పుడు పరీక్ష పెట్టుకోకండి. ఇగ్నోలో జనవరి, జులై రెండు సెషన్లున్నాయి. మీ పనికి అనువైనది ఎంచుకోండి.

ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి చెప్పండి. "రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర దాకా నేను చదువుకుంటాను" అని సూటిగా, ప్రేమగా చెప్పండి. అత్తయ్యగారికీ, పిల్లలకీ, భర్తకీ, భార్యకీ అందరికీ తెలియాలి. దాచి చదివే చదువు నాలుగు రోజులే. ఇల్లంతా కాపు కాసే చదువు చివరిదాకా నిలుస్తుంది.

అడుగు 7: మొత్తం ఖర్చు రాయండి

ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. పరీక్ష ఫీజు, పుస్తకాలు, ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, ప్రయాణాలు, సెలవు పెడితే పోయే జీతం. అన్నీ కూడండి. ఆ మొత్తం మీ ఆరు నెలల ఆదాయాన్ని దాటుతుంటే ఆగండి. ఇంకా చవకైన దారి ఉందేమో చూడండి. ముందు స్వయం పోర్టల్లో ఒక ఉచిత కోర్సు పూర్తిచేయండి. అది చివరిదాకా లాగగలిగారంటే పెద్ద ఫీజు కట్టే అర్హత మీకు వచ్చినట్టే.

మూడు భయాలు, మూడు జవాబులు

*"ఈ వయసులోనా?"* అవును, ఈ వయసులోనే. 1982లో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ తెలుగు నేల మీద పుట్టింది. ఇవాళ్టి డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ అదే. పెద్దయ్యాక పుస్తకం పట్టడం మన దగ్గర నలభై ఏళ్లకు పైబడిన సంప్రదాయం.

*"నా ఇంగ్లిష్ అంతంత మాత్రం."* ఎక్స్‌పోర్ట్ ఇంగ్లిష్ సాహిత్యం కాదు. రెండు మూడు వందల మాటలు, ఒక ముప్ఫై మెయిల్ వాక్యాలు. రోజుకి ఒక వాక్యం నోటికి పట్టించుకోండి. గట్టిగా పలకండి. ఫోన్లో రికార్డ్ చేసి వినండి. నెల తిరిగేసరికి మీ గొంతులో తేడా మీకే తెలుస్తుంది.

*"మధ్యలో గ్యాప్ ఉంది, అడిగితే ఏం చెప్పాలి?"* ఆ ఏళ్లలో చేసిన పని చెప్పండి. "ఆరేళ్లు చెరువుల అకౌంట్స్ చూశాను, మేత అప్పు నుంచి పట్టుబడి దాకా ప్రతి లెక్కా నా చేతి మీదే నడిచింది." ఈ ఒక్క వాక్యం ఇంటర్వ్యూలో గ్యాప్ అనే మాటనే చెరిపేస్తుంది.

మొదటి 30 రోజుల అలవాట్లు

- రోజూ ఉదయం పేపర్లో బిజినెస్ పేజీ. ఎగుమతి, సుంకం, డాలర్ అనే మాటలున్న వార్త ఒకటి కత్తిరించి నోట్‌బుక్‌లో అతికించండి.
- రోజూ డాలర్ రేటు రాయండి. ఒక్క అంకె. నెలాఖరుకి ఫారెక్స్ పాఠం సగం వచ్చేస్తుంది.
- వారానికొక హెచ్‌ఎస్ కోడ్. మీ షాపులో, మీ ఊళ్లో ఉన్న ఒక వస్తువు తీసుకుని వెతకండి.
- వారానికొక మనిషి. ఈ రంగంలో పనిచేస్తున్నవాళ్లతో ఒక టీ.
- ప్రతి ఆదివారం రాత్రి పది నిమిషాల రివ్యూ. ఎన్ని గంటలు చదివాను? ఏ రోజు తప్పింది? వచ్చే వారం ఎలా సర్దుతాను?

ఒక రోజు తప్పితే ఫర్వాలేదు. వరుసగా రెండు రోజులు తప్పనివ్వకండి. ఈ ఒక్క నియమం పాటించినవాళ్లే సర్టిఫికెట్ దాకా చేరతారు.

ఇక మొదలుపెట్టండి

ఈ రాత్రి ఇరవై లైన్ల కాగితం రాయండి. ఈ వారంలో కుర్చీకి టిక్ పెట్టండి. వచ్చే ఆదివారానికి రెండు సిలబస్‌లు ప్రింట్ తీసి ఎర్ర పెన్నుతో దిద్దండి. యూజీసీ జాబితాలో పేరు మీరే చూసి, ఫోన్లో స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. ఆ తర్వాతే ఫీజు కట్టండి.

మీ సరుకు మీకు తెలుసు. మీ కుర్చీ మీరు ఎంచుకున్నారు. ఇక కోర్సు మీ దగ్గరికి రావాలి, మీరు దాని వెంట పరుగెత్తక్కర్లేదు. కాగితం, పెన్ను తీసుకోండి. మొదటి లైన్ ఇప్పుడే రాయండి.